ముడతలు తీసిన చెయ్యి

ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఆవిడ చేసిన పని ఒక్కటే, జనం మొహాల మీది ముడతలు తీసెయ్యడం. అలాగని డాక్టరేం కాదు. ఫొటో స్టూడియోలో టచింగ్ పని. వెనక గదిలో వాలుగా ఒక చిన్న బల్ల, బల్ల కింద నుంచి వెలుగు, దాని మీద నెగటివ్, కంటికి భూతద్దం, చేతిలో గరుకు కాగితం మీద రుద్ది సూదిలా చేసుకున్న పెన్సిలు. నెగటివ్‌లో అంతా తిరకాసే కదా, నల్లనిది తెల్లగానూ తెల్లనిది నల్లగానూ ఉంటుంది. మొహం మీది ముడత అందులో సన్నటి తెల్లగీతై కూర్చుంటుంది. ఆ గీతని ఊపిరి బిగబట్టి చుక్క చుక్కగా పెన్సిలుతో నింపితే, ఫొటోలో ముడత మాయం. కాస్త గట్టిగా నొక్కామా, నెగటివ్ గీసుకుపోతుంది, ఇక ఫొటో దిగినవాళ్ళకి మొహం చూపించలేం. అందుకే ఆవిడ చెయ్యి ఈగ వాలినంత తేలిగ్గా వాలేది. అందరూ టచింగమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు స్టూడియో ఓనరుకి కూడా గుర్తుందో లేదో అనుమానమే.

పనిలో చేరిన మొదటి ఏడాదే ఆవిడ తన అత్తగారి ఫొటోకి టచింగ్ చేసింది. మూడు రోజులు పట్టింది. ఒక్క ముడత మిగల్చలేదు, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా తీసేసి, ఫ్రేము కట్టించి ఇంటికి పట్టుకొచ్చింది. అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందే కోడలా! ఇంతకీ ఎవరావిడ?" అంది. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. కోడలు దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుంది. అత్తగారు పోయాక ఆ ఫొటోయే ముందు గది గోడ మీద మిగిలింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మూడు రోజుల పని ఒక్క మీట నొక్కితే అయిపోతోంది. ఓనరు మంచివాడే, పొమ్మనలేదు. కత్తెర చేతికిచ్చి పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించమన్నాడు. "నీ చేతికి ఇక పనేముందమ్మా, నీడపట్టున కూర్చో" అన్నాడు. ప్రేమగా అన్న మాటే గాని, అది ఆవిడకి ముల్లులా దిగింది. నాలుగేళ్ళు అలా కత్తిరిస్తూనే ఉంది, ముల్లు మాత్రం రాలేదు.

అలాంటి రోజుల్లో స్టూడియో పై అంతస్తులో ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం, వేసిన బొమ్మల్ని కదిలించడం ఆరు నెలల్లో నేర్పుతారట. చివర్లో యానిమేషన్ కంపెనీ వాళ్ళు వచ్చి అందరి పనీ చూసి ఒక్కరికి ఉద్యోగం ఇస్తారట. మెట్ల దగ్గర అంటించిన ఆ కాగితాన్ని ఆవిడ వారం రోజులు చదివింది. ఎనిమిదో రోజు మెట్లెక్కింది.

"యాభై రెండేళ్ళకి బడికేంటోయ్?" అన్నాడు మొగుడు. ఆయన తాళాలు బాగుచేస్తాడు, పోయిన తాళంచెవులకి కొత్తవి చేసిపెడతాడు.

"కొత్తరకం తాళం కనబడితే మీరు ఇప్పటికీ విప్పి చూడకుండా ఉంటారా?"

ఆయన నవ్వేశాడు. చేతిలో ఉన్న తాళం కూడా ఆ క్షణాన విప్పి చూస్తున్నదే మరి.

క్లాసులో పధ్నాలుగు మంది. మిగతా పదమూడు మందికీ ఆవిడ భూతద్దానికున్నంత వయసు కూడా లేదు. బల్లల మీద నల్లటి పలకలు, వాటి మీద గీయడానికి పెన్నులు. పలక మీద గీస్తే ఎదురుగా తెర మీద పడుతుంది. అందరికీ పడింది, ఆవిడకి పడలేదు. ఎంత గీసినా తెర తెల్లగానే ఉంది.

"పెన్ను ఆనించండి ఆంటీ" అన్నారు మాస్టారు. ఆయనకి ముప్పై కూడా ఉండవు.

"ఆనించే గీస్తున్నాను మాస్టారూ."

పక్క సీట్లో, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడేసుకునే పిల్ల ఒకతె ఉంది. ఆ పెన్ను తీసుకుని తను గీసి చూసింది. తాడంత లావు గీత పడింది. పెన్ను బాగానే ఉంది. వెనక వరసలో ఎవడో "అయితే చెయ్యి పాడైనట్టుంది" అన్నాడు. నవ్వులు. టచింగమ్మ విననట్టే పెన్ను మళ్ళీ పలకకి ఆనించింది.

నాలుగో రోజు మాస్టారు తెర వంక చూడడం మానేసి ఆవిడ వేళ్ళ వంక చూశారు. పెన్ను పలకని తాకుతోంది గాని, నొక్కడం లేదు. మామూలు మనుషులు నొక్కుతారని నమ్మి తయారుచేసిన యంత్రం అది. ఆవిడ చెయ్యి నెగటివ్ గీసుకుపోతుందన్న భయంలో పెరిగిన చెయ్యి. ఆయన సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎంత తేలిక స్పర్శకైనా పలికేలా మార్చి, "ఇప్పుడు గీయండి" అన్నారు.

తెర మీద ఒక గీత పడింది. వెంట్రుక కొసంత సన్నగా పుట్టి, మధ్యలో నిండుగా తిరిగి, మళ్ళీ ఏమీ లేనంత సన్నగా ముగిసింది. క్లాసంతా వచ్చి చుట్టూ మూగింది. చెయ్యి పాడైందన్నవాడైతే "ఇది ఏ బ్రష్షు ఆంటీ?" అని అడిగాడు. కంప్యూటర్లో అందరూ వాడుతున్న బ్రష్షే. పాపం, వాడికి ఆ సంగతి మింగుడుపడలేదు.

ఆ తర్వాత తప్పులు చేయలేదని కాదు. ఒకసారి బల్లా, బల్ల మీద కప్పూ అంతా ఒకే పొర మీద, ఒకే కాగితం మీద గీసినట్టు, వేసేసింది. కప్పు జరపమంటే బల్ల కూడా లేచొచ్చింది. అందరికంటే ముందు ఆవిడే నవ్వింది. కదిలే వస్తువుకి విడి పొర ఉండాలని, దాని వెనక కనబడనిది కూడా వేసి ఉంచాలని మాస్టారు చెప్పారు. "అంతేగా, బీరువా జరిపితే వెనక గోడకి కూడా రంగుండాలి" అంది. ఇల్లు మారినవాళ్ళకి ఎవరికైనా తెలిసే ముక్క అది. వెలుగునీడల్లో మాత్రం ఆవిడని తలదన్నేవాళ్ళు లేరు. నలుపుని తెలుపుగా చదువుకున్న కళ్ళకి ఏ నీడ ఎంత ఉండాలో వేరే చెప్పాలా!

ఆరో నెలలో కంపెనీ వాళ్ళు పరీక్ష పెట్టారు. ఒక పెద్దావిడ బొమ్మ వెయ్యాలి. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. ఎవరో లోపలికి వస్తారు. తల తిప్పి చూసి, వాళ్ళని గుర్తుపట్టి నవ్వాలి. ముందు కదలని బొమ్మ, తర్వాత అదే పది సెకన్లు కదలాలి. సెకనుకి పన్నెండు చొప్పున నూట ఇరవై బొమ్మలు. గడువు రెండు వారాలు, ఉద్యోగం ఒక్కటి.

టచింగమ్మకి ఆ ఉద్యోగం కావాలి. కావాలంటే మామూలుగా కాదు. "నీ చేతికి ఇక పనేముంది" అన్న మాటని ఆ ఉద్యోగపు కుర్చీలో కూర్చుంటే గాని మరిచిపోలేననుకుంది. తొమ్మిది రోజుల్లో పూర్తిచేసి చూపించింది. కదలని బొమ్మ చూసి మాస్టారి కళ్ళు మెరిశాయి. కిటికీ వెలుగు, నెరిసిన జుట్టు, చీర మడత మీది నీడ, వంక పెట్టడానికి లేదు. తర్వాత కదిలే బొమ్మ వేసి చూశారు. తల తిరిగింది, పెదాలు సాగాయి. అంతే. ఆయన మూడుసార్లు చూసి గడ్డం గోక్కున్నారు.

"పెదాలు నవ్వుతున్నాయి ఆంటీ, మనిషి నవ్వట్లేదు. వయసు జుట్టుకి వచ్చింది గాని మొహానికి రాలేదు. ఉడకబెట్టిన గుడ్డులా నున్నగా ఉంది. ఇంక అందులో కదలడానికేముంది చెప్పండి?"

నిజమే. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ముడతలు గీసింది. మర్నాడు పొద్దున మెరుగులు దిద్దుదామని కూర్చుంది. మధ్యాహ్నానికి చూసుకుంటే ముడతలు ఒక్కటీ లేవు. వేరే ఎవరో కాదు, తన చెయ్యే తనకి తెలియకుండా శుభ్రంగా తీసిపారేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి దానికన్నా మొండిది. ఇక నాలుగు రోజులే ఉన్నాయి. పెన్ను పక్కన పెట్టేసి, "నా వల్ల కాదు" అని మొదటిసారి పైకే అంది.

హెడ్‌ఫోన్ల పిల్లకి జాలేసింది. "నేను గీసిస్తా ఉండండి ఆంటీ" అని ఆవిడ బొమ్మ మొహం మీద నుదుటి నుంచి గడ్డం దాకా టకటకా గీతలు లాగింది. రైలు పట్టాల్లా ఉన్నాయవి.

"అయ్యో తల్లీ, అక్కడ ముడత రాదు!" టచింగమ్మ పెన్ను లాక్కుంది. "ఇదిగో, కంటి కొసన మూడు. మధ్యది పొడుగు. కింది రెప్ప దగ్గర చిన్నవి, ఇవి నవ్వితేనే బయటపడతాయి. ముక్కు పక్క నుంచి వచ్చేది పెదవి దాకా రాదు, ఇక్కడే ఆగిపోతుంది. ఏ వైపు నమిలే అలవాటుంటే ఆ వైపుది లోతు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇవన్నీ మీకెలా తెలుసాంటీ?"

ఎలా తెలుసేంటి! వేలమంది ముడతల్ని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని తీసింది తనే కదా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. టచింగమ్మ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. హెడ్‌ఫోన్లు జారి కిందపడ్డాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, గోడ మీది ఫొటో కింద నిలబడి మొగుణ్ణి అడిగింది. "ఏమండీ, అత్తయ్య ఎలా నవ్వేదో గుర్తుందా?"

ఆయన ఫొటో వంక చూశాడు. "లేదోయ్. ఇన్నేళ్ళూ దీన్నే చూస్తున్నానా, అసలు మొహం చెరిగిపోయింది" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు. ఆ చెరిపిన చెయ్యి టచింగమ్మదేనని ఆయనకి తట్టలేదు గాని, ఆవిడకి తెలుసు.

కూర్చుని కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళ కిందటి నెగటివ్, భూతద్దం కింద మూడు రోజులు. కళ్ళు మరిచిపోయాయేమో గాని వేళ్ళు మరిచిపోలేదు. ఎడమ కంటి కొసన నాలుగు ముడతలు, కుడి కంటికి మూడే. పై పెదవి మీద పన్ను ఊడిన చోట చిన్న సొట్ట. గడ్డం మీద పుట్టుమచ్చ. ఏ వరసలో తీసిందో అదే వరసలో ఒక్కొక్కటీ తిరిగి పెట్టుకుంటూ వచ్చింది. "రండి అత్తయ్యా, రండి" అని గొణుక్కుంటూనే ఉంది. మర్నాటి నుంచి కేంద్రంలో కూర్చుని నాలుగు రోజుల్లో నూట ఇరవై బొమ్మలూ మళ్ళీ వేసింది. ముడతలకి విడిగా ఒక పొర పెట్టింది. దాన్ని మెరుగులు దిద్దడానికి చెయ్యి వెళ్ళినప్పుడల్లా ఆ చేతి మీద రెండో చేత్తో ఒకటి వేసుకుంది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం కేంద్రం హాల్లో కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. పిల్లల అమ్మానాన్నలు వచ్చారు. తాళాలాయన దుకాణం నుంచి నూనె చేతులతో నేరుగా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. కంపెనీ డైరెక్టరమ్మ ముందు కుర్చీలో, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని ఉంది. పదమూడు మంది బొమ్మలు పూర్తయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఆవిడ రాసుకుంటూనే ఉంది.

పధ్నాలుగోది మొదలైంది. కిటికీ పక్కన పెద్దావిడ. అలికిడికి తల తిప్పింది. ముందు పోల్చుకోలేదు, కనుబొమలు దగ్గరయ్యాయి. తర్వాత ఎడమ కంటి కొసన నాలుగు ముడతలూ ఒకటొకటిగా విచ్చుకున్నాయి. కుడి కన్ను దాని వెనకే వచ్చింది. పై పెదవి సొట్టపడింది, పుట్టుమచ్చ పైకి లేచింది, మొహమంతా నవ్వయింది.

"అమ్మ!"

చీకట్లో చివరి వరస నుంచి వచ్చింది ఆ కేక. తాళాలాయన లేచి నిలబడి ఉన్నాడు. తను నిలబడ్డట్టు తనకే తెలియదు. "మా అమ్మండీ... మా అమ్మ" అని ఎవరో అడిగినట్టు పక్కవాళ్ళకి చెబుతున్నాడు. నూనె చేత్తోనే కళ్ళు తుడుచుకుంటే మొహమంతా నల్లబడింది.

డైరెక్టరమ్మ వెనక్కి తిరిగి ఆయన వంక చూసింది. నోట్‌బుక్ మూసేసింది. "ఇంకోసారి వెయ్యండి" అంది. రెండోసారి చూశాక లేచి వచ్చి టచింగమ్మ చెయ్యి పట్టుకుంది. "సోమవారం నుంచి వచ్చెయ్యండి. మా దగ్గర మొహాలన్నీ మీవే."

నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా! చెయ్యి పాడైందన్నవాడే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. హెడ్‌ఫోన్ల పిల్ల కుర్చీ ఎక్కి ఈల వేసింది. టచింగమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి, రెంటినీ ఆపుకోలేదు. మెట్లు దిగుతూ కింద స్టూడియోలోకి వెళ్ళి, బల్ల మీది కత్తెర తీసి ఓనరు చేతిలో పెట్టి, "నా చేతికి పని దొరికిందండీ" అంది. ఆయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎండలో నడుచుకుంటూ ఇల్లు చేరారు. ముందు గదిలోకి రాగానే ఇద్దరి కళ్ళూ గోడ మీదికే వెళ్ళాయి. ముడత లేదు, మచ్చ లేదు, అద్దంలా నున్నటి మొహం.

"తీసేద్దామాండీ?" అంది ఆవిడ.

ఆయన ఫొటో దగ్గరికి వెళ్ళి అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

"ఎందుకులేవోయ్, ఉండనీ. బాగుంది" అన్నాడు. "ఇంతకీ ఎవరావిడ?"