నల్లగొండ కచేరీకి బండెక్కి వచ్చిన పడవ

పడవకు గూడ కాగితముంటదా తాతా, అని మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. నేను బడి మొహం చూడనివాణ్ణి కాబట్టి చెప్పేదంతా కట్టుకథ అనుకుంటారు. ఉండేది. నిజాం కాలంలో ఆ కాగితం కోసం మా బాపు పడిన యాతన కళ్లారా చూశాను. అప్పటికే నాకు ఇరవై దాటి పెండ్లి కూడా అయింది.

మా ఊరు నల్లగొండ నుంచి పోతే పానగల్లుకు అవతల, బండి మీద ఒక పూట నడక. చుట్టూ గుట్టలు, బండరాళ్లు, జొన్నచేలు, నడుమ పెద్ద చెరువు. మేము చేపలు పట్టి బతికేవాళ్లం. ఊరి దొర తన భార్య కోసం హైదరాబాదు వడ్రంగిని పిలిపించి టేకుతో ఒక పడవ చేయించాడు. అది చేపలకు కాదు, రేవు దాటడానికి కాదు. చల్లపూట చెరువు మీద ఊరికే తిరిగి రావడానికి. దొరసానిది ఘోషా, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. అందుకని పడవకు నాలుగు మూలలా గుంజలు నిలిపి పరదాలు కట్టారు.

నడిపేది మా బాపు. కూలి లేదు, వెట్టి. గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఎవరితో మాట్లాడినా ప్రతి మాట చివర "బాంచెన్" అనేవాడు, మీ బానిసను అని. అన్నేండ్లు ఆమెను నీళ్ల మీద తిప్పాడు గాని ఆమె మొహం ఎట్లుంటుందో ఆయనకు తెలియదు.

దొర చనిపోయాడు. దొరసాని మళ్లీ పడవ ఎక్కలేదు. ఏడాది గడిచాక దాసితో బాపుకు కబురంపింది. మరిది ఆ పడవను పగలగొట్టించి టేకు పలకలను తలుపులకు వాడాలని చూస్తున్నాడట. అది చెరువులోనే ఉండాలి, నువ్వు తీసుకో అంది.

బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. మావి అని చెప్పుకోవడానికి వలలు తప్ప ఏమీ లేని ఇల్లు మాది. లోతు నీళ్లలోకి పోవాలంటే ఇంకొకరి తెప్ప అడుక్కోవాలి. అట్లాంటిది టేకు పడవ. కాని కాగితం లేకుండా తీసుకుంటే మరిది దొంగతనం అంటగట్టి స్తంభానికి కట్టించి కొట్టిస్తాడు. ఆ దెబ్బల సంగతి బాపుకు చెప్పనక్కరలేదు.

నల్లగొండ సర్కారు కచేరీకి నేను పోయాను, అక్కడ రాతకోతలన్నీ ఉర్దూలోనే, నాకది వచ్చు కాబట్టి. నేర్పింది నల్లగొండలో ఉండే గాజుల సాయిబు. ఊరూరా తిరిగి గాజులు తొడిగేవాడు. మా ఊరు వచ్చినప్పుడు మా వాకిట్లో కూర్చుని మట్టిలో వేలితో అక్షరాలు రాసి చూపేవాడు. నా బడి అదే.

కచేరీలో రాతపని చూసే మున్షీ పడవల పుస్తకం తెరిచాడు. పడవ దొర పేర లేదు, దొరసాని పేరనే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన కాయిదా, అంటే నియమం, చెప్పాడు. ఇస్తున్నట్టు ముద్రకాగితం మీద రాయాలి. ఇచ్చే మనిషి ఎదుటికి వచ్చి, నా ఇష్టంతో ఇస్తున్నానని నోటితో చెప్పాలి. ఆమె ఆమేనని, పుచ్చుకునేవాడు కాక బయటి మనిషి ఒకరు గుర్తుపట్టాలి. పడవను కొలవాలి. కొలత పుస్తకంతో కలిస్తే దాని ముందు పలక మీద కొత్త ముద్ర కాల్చాలి. దానికోసం పడవ హాజరు కావాలి.

"ఏడికి హాజరు సాబ్?"

"గీడికే."

"గీడ నీళ్లు లేవు గద?"

"నీళ్ల సంగతి కాయిదాల లేదు," అన్నాడు, తల ఎత్తకుండానే.

కృష్ణ ఒడ్డు ఊళ్ల కోసం ఎవరో రాసిన కాయిదాను ఈ గుట్టల నడుమ అక్షరాలా అమలు చేసే తెలివి మీద నాకు ఇప్పటికీ కోపమే. అధికారినే గడికి పిలిపించుకునే దారి కూడా ఉంది. అర్జీ పెట్టి నెలల కొద్దీ ఆగాలి. మరిది ఆగే మనిషి కాదు.

దొరసాని వస్తానంది. మరిది ఆమె పుట్టింటివాళ్లకు జడిసి ఆమెను ఆపలేదు గాని, ఆడవాళ్లు పోయే గూడుబండిని ఇవ్వొద్దని మాత్రం హుకుం వేశాడు. నడిచిపోతే పోనీ అన్నాడట. ఆమె ఇచ్చిన జవాబును దాసి మాకు చేరవేసింది.

"పడవ ఎట్లనన్న బండెక్కుతాంది గద. నేను పడవెక్కుత."

రెండు బండ్లను ముందూ వెనకా కలిపి కట్టి, గడ్డి పరిచి, పడవను ఎక్కించాం. పరదాలు దించాం. తెల్లవారగానే ఆమె ఎక్కి కూర్చుంది. ఆ ప్రయాణం తలచుకుంటే ఈ వయసులోనూ నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మిట్ట ఎక్కుతుంటే పడవ ముక్కు ఆకాశంలోకి లేచేది, దిగుతుంటే జొన్నకంకుల్లో మునిగేది. మంచెల మీద పిట్టలు తోలేవాళ్లు వడిసెలలు జారవిడిచి చూశారు. నీటి చుక్క లేని నేల మీద, పరదాలు గాలికి ఊగుతూ, పడవ పోతూనే ఉంది.

పానగల్లులో ఒక ముసలవ్వ అడ్డం వచ్చి పసుపునీళ్లు చల్లింది. ఏ దేవత బిడ్డా అని అడిగింది. దేవత కాదు, దొరసాని అని బాపు చెప్పాడు.

"నాకేమెరుక కొడుకా? దేవతను సూడలే, దొరసానిని సూడలే," అంది అవ్వ.

పరదా వెనక చిన్న నవ్వు వినబడింది. బాపు ఉలిక్కిపడి ఎడ్లను అదిలించాడు.

కచేరీ ముందర మున్షీ టేపు పట్టి కొలిచాడు. అంగుళం తేడా లేదు. ఇక ఈమెను ఎరిగినవాళ్లెవరు అన్నాడు. దాసి ముందుకొచ్చింది. గడి తిండి తినే మనిషి సాక్ష్యం చెల్లదన్నాడు. బండ్ల వెంట వచ్చిన మావాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు లేరు. ఆమె పరదా తీసి మొహం చూపినా లాభం లేదు, ఆ మొహం ఎవరు చూశారు గనుక? మున్షీ పుస్తకం మూయబోయాడు. బాపు పడవ అంచు మీద చెయ్యి వేశాడు.

నాకు ఆగలేదు. "మొహం దాచిపెట్టుమనేది మీరే, ఎవలు సూసిన్రని అడిగేది మీరే," అనేశాను. అన్నాక గుర్తొచ్చింది. గాజుల సాయిబు ఇంటికి ఉరికాను.

ఆయన వచ్చి పడవను పైకీ కిందికీ చూశాడు. మొహం తానూ చూడలేదని మున్షీకి చెప్పాడు. చెయ్యి చాలన్నాడు. ఘోషా లోపలి చేతిని పట్టుకోవడం గాజులు తొడిగేవాడికి తప్ప ఇంకే పరాయి మగవాడికీ చెల్లదు. పరదా సందులోంచి చెయ్యి బయటికి వచ్చింది. బోసిచెయ్యి. దొర పోయిన నాటి నుంచి గాజులు లేవు.

సాయిబు ఆ చేతిని అందుకుని బొటనవేలి మొదట్లో అలవాటు కొద్దీ నొక్కాడు. అలవాటు కొద్దీ ఆ వేళ్లు దగ్గరికి ముడుచుకున్నాయి. తొడగడానికి గాజు లేదు.

"పెండ్లయి వచ్చిన కాడి సంది ఈ చేతికి నేనే తొడిగిన," అన్నాడు సాయిబు. "గీ ఎముక జర పక్కకుంటది. నొక్కితెగాని గాజెక్కదు. గీమెనే దొరసాని."

మున్షీ రాసుకున్నాడు. నా ఇష్టంతోటే ఇస్తున్న అని ఆమె స్పష్టంగా చెప్పి వేలిముద్ర వేసింది. ఎర్రగా కాలిన ఇనుపముద్ర టేకును తాకగానే తీయటి వాసన లేచింది. పుస్తకంలో బాపు పేరును నేనే కూడబలుక్కుని చదివి వినిపించాను. తర్వాత మరిది మనుషులు రెండుసార్లు చెరువుగట్టుకు వచ్చి ఆ ముద్రను చూసి వెనక్కి పోయారు.

తిరుగు ప్రయాణానికి ఎడ్లను కట్టాం. అప్పుడు పరదా లోపలి నుంచి ఆమె గొంతు, నేరుగా బాపుతో.

"ఇగ నీ పడవ గద. దిగమంటవా, గడి దాక కూసోనిస్తవా?"

గడివాళ్లు బాపును ఏనాడూ ఒక మాట అడిగి ఎరగరు. ఆయన పడవ గుంజ పట్టుకున్నాడు.

"కూసోండి, దొరసానీ."

దాని చివర రావలసిన ఆ "బాంచెన్" కోసం నేను ఎదురుచూశాను. బాపు ఎడ్ల ముందుకు నడిచాడు.