గోనెసంచిలో పీతలు

మొగుణ్ణి జైలుకి పంపినదాన్నని మా అత్తగారి వైపు బంధువులు ఇప్పటికీ వెనకనుంచి నన్ను వేలెత్తి చూపిస్తారు. ముందుకొచ్చి చూపించమనండి, చెబుతాను. ఎవరూ రారు కాబట్టి రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేం అవనిగడ్డకి దగ్గర్లో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన హైస్కూల్లో సైన్సు మేష్టారు. నేను గుడివాడలో బీయే చదివి, ఆయన్ని చేసుకుని, దివిసీమ దోమలకి రక్తదానం చేస్తున్నదాన్ని. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి ఆరేళ్ళు.

ఆ వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని పుకారు లేచింది. ఎక్కడ ఎత్తుకుపోయారంటే ఉయ్యూరులో అన్నారు. ఉయ్యూరు నుంచి వచ్చినావిణ్ణి అడిగితే తోట్లవల్లూరులో అట కదండీ అంది. పిల్లని పోగొట్టుకున్న తల్లిని మాత్రం ఎవరూ చూడలేదు. అయినా మగవాళ్ళు కర్రలు పుచ్చుకుని సెంటర్లో కాపలా కూర్చున్నారు. పొలాల్లో పని లేని రోజులు, వాళ్ళకి అదో ఉద్యోగం.

ఒక మధ్యాహ్నం అన్నం తినలేదని పిల్లని తిట్టాను. కాసేపటికి చూస్తే కనబడలేదు. ఇల్లంతా వెతక్కుండానే వీధిలోకి వచ్చి "మా పిల్ల కనబడట్లేదు!" అని కేక పెట్టాను. ఆ కేక నాదే. దాన్ని ఎవరి మీదకీ తొయ్యను.

సరిగ్గా అప్పుడే ఒకతను సైకిలు మీద వెళ్తున్నాడు. వెనక క్యారియర్ మీద తడిపిన గోనెసంచి. సంచి కదులుతోంది. బందరు వైపు సముద్రపొడ్డు మనిషి, మండపీతలు ఊళ్ళల్లో అమ్ముకుంటాడు. మాకు ఎప్పుడూ వచ్చే ఆవిడ పీతల్ని బుట్టలో తెచ్చేది. ఇతను కొత్త. సెంటర్లో కర్రలవాళ్ళు ఆపారు.

"సంచి విప్పరా!"

"పీతలండీ బాబూ. ఎండలో విప్పితే చచ్చిపోతాయండీ. నీడకి రండి, చూపిస్తాను."

అతను చెప్పింది నిజమే. తడి ఆరకుండా తీసుకెళ్తేనే పీత బతుకుతుంది, చచ్చిన పీతని ఎవరూ ముట్టుకోరు. ఆ మాట చెప్పి రైసుమిల్లు షెడ్డు వైపు సైకిలు తిప్పాడు. "పారిపోతున్నాడ్రోయ్!" అన్నారెవరో. అంతే, పదకొండు మంది మీద పడ్డారు. ఇంట్లో సైకిలుకి గాలి కొడుతున్న మా ఆయన నా కేక విని చేతిలో పంపుతోనే పరిగెత్తుకొచ్చాడు. పీతకి పది కాళ్ళని తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషి, ఆ సంచిలో ఏముందో చూడకముందే ఆ పంపుతో అతని తల మీద కొట్టాడు. రెండుసార్లు. "పీతలండీ, పీతలండీ" అని అతను అంటూనే ఉన్నాడు. అందరికీ వినబడింది. నాకూ వినబడింది.

సంచి జారి కిందపడి మూతికట్టు ఊడింది. పెద్ద కాళ్ళకి తాళ్ళు కట్టిన పీతలు అడ్డంగా పాక్కుంటూ బయటికొచ్చాయి. ఆ పదకొండు మంది వీరులూ కరుస్తాయని గంతులేశారు. ఆ గోలకి మా పిల్ల కళ్ళు నులుముకుంటూ గడపలోకి వచ్చింది. అలిగి మంచం కింద పడుకుని నిద్రపోయిందట.

అతను మూడో రోజున బందరు ఆసుపత్రిలో పోయాడు.

నాలుగో రోజు మా వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. "పాప ఒక్క మాట చెబితే చాలమ్మా, చెయ్యి పట్టుకుని లాగాడని. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. వాళ్ళు వెళ్ళగానే మా ఆయన పిల్లకి పాఠం మొదలెట్టాడు.

"చెప్పు తల్లీ, సంచిలో పెడతానన్నాడు."

"నేను మంచం కింద ఉన్నాను కదా నాన్నా?"

"అంతకుముందు."

"అంతకుముందు అమ్మ తిట్టింది."

నేను పిల్లని ఇవతలికి లాక్కున్నాను. "ఏవండీ, కొట్టింది మీరు. అబద్ధం కూడా మీరే చెప్పుకోండి. దీనిచేత చెప్పిస్తే ఊరుకోను."

"దీనికోసమేగా కొట్టాను!"

"దీనికోసం మంచం కింద చూడాల్సింది. నేనూ చూడలేదు, మీరూ చూడలేదు."

"ఏమే, నువ్వు నా పెళ్ళానివా, వాడి పెళ్ళానివా?"

"అతని పెళ్ళాన్ని ఇంక ఆ మాట ఎవరూ అడగరు లెండి."

మా అత్తగారు మధ్యలో వచ్చి, "చిన్నపిల్ల, రేపటికి మర్చిపోతుందే" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలా మర్చిపోతుంది? చచ్చిపోయిన మనిషిని పిల్లల దొంగని చేసింది తన నోరేనని ఏ పదహారేళ్ళకో తెలుస్తుంది. అప్పుడు వచ్చి అడిగేది వాళ్ళ నాయనమ్మని కాదు, నన్ను.

మర్నాడు ఎస్సైగారు వచ్చారు. మా అత్తగారు కాఫీ ఇచ్చింది. "చెప్పమ్మా" అన్నాడు మా ఆయన, క్లాసులో పిల్లల్ని లేపి నిలబెట్టే గొంతుతో. పిల్ల నా మొహం చూసింది. నేను దాన్ని వంటింట్లోకి పంపేశాను.

"పిల్ల మంచం కింద పడుకుందండీ. సరిగ్గా వెతక్కుండా కేక పెట్టింది నేను. పంపుతో రెండు దెబ్బలు కొట్టింది ఈయన. కడిగి ఆ తలుపు వెనక పెట్టారు."

"మిగతావాళ్ళు ఎవరమ్మా?"

"వాళ్ళ ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళున్నారు. అడగండి."

ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఆ పదకొండు ఇళ్ళల్లోనూ ఎవరూ ఏమీ చూడలేదు. ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా నిద్రపోయిందట. కేసు మా ఆయన ఒక్కడి మీదే నడిచింది, శిక్షా ఆయన ఒక్కడికే పడింది. నేను పిల్లని తీసుకుని గుడివాడ వచ్చేసి కాన్వెంటులో పాఠాలు చెప్పాను. వాళ్ళ నాన్న ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో దానికి దాచకుండా చెప్పాను.

కొన్నేళ్ళకి ఆయన వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "మిగతావాళ్ళ పేర్లు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"వాళ్ళ పెళ్ళాలు చెబుతారనుకున్నాను."

ఆయన నవ్వాడు. గోడ పట్టుకుని మరీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపలికెళ్ళి కంచం పెట్టాను.