వ్రతానికి పిలుపు

పెండిల్ హిల్‌లో రైలెక్కిన తెలుగు పెద్దాయన నా పుస్తకంలోకి తొంగిచూశారు.

“హిస్టరీనా బాబూ?”

“అవునంకుల్. అమెరికాలో బానిసత్వం ఉండాలా వద్దా అని చర్చిలు కూడా ఉత్తరం, దక్షిణంగా చీలిపోయాయట.”

“దేవుడి దగ్గర కూడా తేడాలా? నాన్సెన్స్!”

ఆదివారం వాళ్లింట్లో వ్రతమట. రమ్మంటూ కార్డు తీశారు. సిడ్నీలో నాకదే మొదటి పిలుపు. పేరు రాయబోతూ ఇంటిపేరు అడిగారు. చెప్పినా మేమెవరమో ఆయనకు అంతుచిక్కలేదు.

“ఊళ్లో ఎటువైపు మీది?”

“మాలపేట, అంకుల్.”

ఆయన పెన్నుకు మూతపెట్టి, కార్డు సంచిలో పెట్టేసుకున్నారు.

“ఇల్లు చిన్నది బాబూ, ఆల్రెడీ ఫుల్.”

చర్చిలకు ఏళ్లు పట్టిన పని మాకు పారమట్టా స్టేషన్ వచ్చేలోపే అయిపోయింది. చేతిలోది లైబ్రరీ పుస్తకం కాబట్టి విసరలేదు. దాన్ని గడువులోగా తిరిగిచ్చేశాను. కోపం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.