పని చేయని ఐదు రోజుల జీతం

పదవీ విరమణకు ఏడేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో నన్ను కుప్పం నుంచి పుంగనూరుకు బదిలీ చేశారు. మాది ప్రైవేటు పాల కంపెనీ. పుంగనూరు శివార్లలో పాలు చల్లబరిచే దాని చిల్లింగ్ సెంటరులో జీతాల విభాగానికి సూపరింటెండెంటుగా చేరాను. నెలాఖరుకు అందరి హాజరు సరిచూసి, జీతాల పట్టిక తయారుచేసి, మేనేజరు సంతకంతో బ్యాంకుకు పంపడం నా బాధ్యత. ఇల్లు మదనపల్లెలో. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ణి.

ఆ నెల ఒకటో తేదీ నుంచే కంపెనీ పన్నెండు మంది దినకూలీలను నెలజీతం కిందికి తీసుకుంది. వాళ్లలో చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చే రత్నమ్మ ఒకరు. వయసు నలభై దాటింది. పాల క్యాన్లు కడిగే చోట ఆరేళ్లుగా కూలికి చేస్తున్న మనిషి.

జులై మొదట్లో మొదటి జీతం బ్యాంకులో పడింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి కొన్ని నోట్లు బల్ల మీద పెట్టింది.

"ఐదు దినాలు నేను పనికి రాలేదు సార్. నాలుగు వారం సెలవులు, ఒక దినం జ్వరం. ఆ దినాల దుడ్డు గూడా ఏసినారు. నాది కాదు, తీసేసుకోండి."

పాలు రోజూ వస్తాయి కాబట్టి మా దగ్గర వారం సెలవు ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఉండేది. ఆ సెలవు నెలజీతంలో కలిసే ఉంటుందని చెప్పాను. అది కాక ఏడాదికి పన్నెండు సాధారణ సెలవులు ఉంటాయని, జ్వరం వచ్చిన రోజును వాటిలో ఒకటిగా రాశామని వివరించాను. ఆమె అంతా విన్నది. చెయ్యి మాత్రం నోట్ల దగ్గరికి పోలేదు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. చాలా ఏళ్ల కిందట బి.కొత్తకోట వైపు వేరుశెనగ చేలల్లో చెనక్కాయ పెరకడానికి పోయేటప్పుడు, మేస్త్రీ పొరపాటున ఆమె పేరు మీద ఒక రోజు ఎక్కువ రాశాడట. అది బయటపడ్డాక అందరి ముందూ ఈమెనే దొంగ అన్నాడట.

"ఆ మాట ఇంగోసారి పడలేను సార్" అంది.

నేను హాజరు పుస్తకం తెరిచి ఆమె వరస చూపించాను. ఐదు రోజులకూ జీతం ఎందుకు వచ్చిందో తెల్లకాగితం మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కాగితం మడిచి పెట్టుకున్నాక గానీ డబ్బు తీసుకోలేదు. అంతటితో ఆమెకు అర్థమైందనుకున్నాను. కాలేదని నవంబరులో తెలిసింది.

ఒక ఉదయం క్యాన్ల విభాగం సూపర్‌వైజరు వచ్చి, రత్నమ్మ రెండు రోజులుగా కన్నీళ్లు పెట్టుకుంటూ పని చేస్తోందని, అడిగితే చెప్పడం లేదని అన్నాడు. పిలిపించాను. ఆమెకు ఒక్కతే కూతురు. కుప్పంలో ఇచ్చారు. తొలి కాన్పు, ఎనిమిదో నెల. రక్తపోటు పెరిగితే ఆసుపత్రిలో చేర్చారు. ఏ రోజైనా ఆపరేషన్ చేయవలసి రావచ్చని డాక్టరు చెప్పారు. ఆ పిల్ల ఫోనులో అమ్మ కావాలంటోంది.

"మరి ఆడికి పోకుండా ఈడ యాల ఉండావమ్మా?" అన్నాను.

"జ్వరమప్పుడు లేయలేక ఇంట్లో ఉంటి సార్. ఇప్పుడు నా కాలూ సెయ్యీ బాగుండాయి. బాగుండి గూడా పని ఎగ్గొట్టి జీతం తీసుకునేది ఎట్ల?"

నా సంగతి గుర్తొచ్చింది. మా పెద్దమ్మాయి మదనపల్లెలో పుట్టినప్పుడు నేను కుప్పంలో ఉన్నాను. నెలాఖరు వారం. సెలవులు ఉన్నాయి. నేను లేకపోతే జీతాల పట్టిక కదలదనుకున్నాను. ఐదో రోజు వెళ్లి బిడ్డను చూశాను. నా భార్య ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. వాడుకోని సెలవుల గురించి నేను మాత్రం ఏటా పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

"ఆ సెలవులు ఎవరూ నీకు దయతలచి ఇచ్చేవి కావు రత్నమ్మా" అన్నాను. "నువ్వు చేసే పనికి జీతంతో పాటు వచ్చేవే. వాడుకోకపోతే ఏడాది తిరిగేసరికి మురిగిపోతాయి."

"నిజంగా నావేనా సార్?"

"నీవే."

సాధారణ సెలవు వరసగా మూడు రోజులకు మించి ఇవ్వకూడదన్నది మా నియమం. మేనేజరు ప్రత్యేకంగా అనుమతిస్తే ఆరు ఇవ్వవచ్చు. ముందొక వారం సెలవు, వెనకొక వారం సెలవు కలిస్తే ఎనిమిది రోజులవుతాయి. దరఖాస్తు నేనే నింపాను. కారణం రాసే చోట అందరూ సొంత పని అని రాస్తారు. ఏమి రాయమంటావని అడిగాను.

"బిడ్డ పక్కన కూర్చునేదానికి అని రాయండి సార్."

అలాగే రాశాను. మేనేజరు ఆ వాక్యం రెండుసార్లు చదివి సంతకం చేశారు. ఆమె ఉదయం షిఫ్టు ముగించి మధ్యాహ్నానికే పలమనేరు మీదుగా వెళ్లే బస్సెక్కింది.

తొమ్మిదో రోజు పొద్దున్నే పనిలో ఉంది. ఆమె వెళ్లిన మూడో రోజున కూతురికి ఆపరేషన్ జరిగింది. ఆడపిల్ల. బరువు తక్కువని నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లీ బిడ్డా క్షేమం.

"మత్తులోనుంచి లేసి మొదట నన్నే సూసింది సార్" అని చెప్పి క్యాన్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ మరుసటి నెల నుంచి జీతం చీటీ మీద మిగిలిన సెలవుల సంఖ్య కూడా వేయించాను. కొత్తగా చేరినవాళ్లకు బ్యాంకు ఫారం ఇవ్వడానికి ముందే సెలవుల గురించి చెప్పేవాణ్ణి.

నెలజీతాన్ని ముప్పయితో భాగించి జీతం వర్తించే రోజులతో హెచ్చించడం నాకు కళ్లు మూసుకుని చేసే పని. ఆ లెక్కలో నేనెప్పుడూ తప్పలేదు. కానీ జీతమంటే ముప్పయి రోజుల కూలి అని నేనూ ఆమెలాగే నమ్ముతూ వచ్చాను. నెలలో మనిషికి జ్వరం వస్తుంది, ఇంట్లో కాన్పు వస్తుంది. వాటితో సహా ఆ మనిషిని పనిలో ఉంచుకోవడానికి ఇచ్చేది జీతం. పాతికేళ్లు జీతాలు రాసిన తరువాత నాకు తెలిసింది ఇది.