పాస్‌వర్డ్ వినని వియ్యపురాలు

సంతాప సభలో మీలో ఒకరన్నారు, "సిడ్నీలో మన టూంగాబీ పేట పెద్దవాళ్ళ పాస్‌వర్డ్‌లన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి" అని. తప్పు. ఒక్కటీ లేదు. మొన్న మంగళవారం పోయిన మా వియ్యపురాలు నా పాస్‌వర్డ్ ఏమిటో తెలియకుండానే పోయింది. మెచ్చుకోదలిస్తే దానికి మెచ్చుకోండి.

నేను అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ డాక్టరు, మందులు, పరీక్షలు అన్నీ ఫోన్లోకి వెళ్ళిపోయాయి. నా ఎం.ఏ.కి ఆ ఫోను లొంగలేదు. వియ్యపురాలు ఈ దేశంలోనే డార్విన్ అనే ఊళ్ళో, ఆఫీసు కంప్యూటర్లలోకి ఎవరిని ఎంతవరకు రానివ్వాలో చూసే ఉద్యోగం చేసి, రిటైరై ఇక్కడికి చేరింది. సాయం చేస్తుంది కదా అని నా పాస్‌వర్డ్ చదవబోతే రెండు చెవులూ మూసుకుంది.

"వద్దు వదినగారూ! అది చెబితే నేను మీరైపోతాను. నా పేరుతోనే నన్ను రానివ్వండి. నేనేం చూశానో మీకు కనపడాలి. నచ్చకపోతే తీసెయ్యాలి."

"వియ్యపురాల్ని తీసెయ్యొచ్చా? పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదే!"

నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నా ఫోన్లో అనుమతి ఉన్నవారి జాబితాలో తన పేరు నాచేతే చేర్పించింది.

ఎక్కువ ఇస్తానన్నా పుచ్చుకునేది కాదు. "బ్యాంకు నాకెందుకండీ? మందులూ రిపోర్టులూ చాలు" అనేది. ఏది తెరిచినా ముందు "చూడనా?" అని అడిగేది. నేను తలూపితే కుదరదు, నోటితో చెప్పాలి.

ఒకసారి నా స్కాన్ రిపోర్టు వచ్చింది. మా అమ్మాయి వంటింట్లో అత్తగారిని పట్టుకుంది.

"అత్తయ్యా, అమ్మ స్కాన్‌లో ఏముంది? జస్ట్ చెప్పేయండి, ఐ వోంట్ టెల్ హర్."

"మీ అమ్మ తలుపు తీసింది నాకమ్మా. నీకు కావాలంటే ఆవిడనే అడుగు."

కోడలు కొన్నాళ్ళు ముక్తసరిగా మాట్లాడింది. అత్తగారు పట్టించుకోలేదు. పక్కగదిలోంచి అంతా విన్న నేను, ఆ సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టి నా మాటల్లో, నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పుకున్నాను. నా జబ్బు సంగతి నేనే చెప్పుకునే వీలు ఆవిడ నాకు మిగిల్చింది.

తనకి బాగోలేనప్పుడు అంది: "నేను పోగానే నా పేరు తీసెయ్యండి. మనిషి లేని పేరు మీద తలుపు తెరిచి ఉంచకూడదు. ఎవరో ఒకరు దూరతారు."

"వయసులో నేను పెద్దదాన్ని. వరుస తప్పకండి" అన్నాను. తప్పింది.

ఇప్పుడు ఫోను తెరిస్తే, అనుమతి ఉన్నవారి కింద ఒక్క పేరే. పక్కన ఎండకి కళ్ళు చిట్లించిన ఆవిడ చిన్న ఫొటో. తీసెయ్యబోతే "ఖాయమేనా?" అని అడుగుతుంది. రోజూ కాదంటున్నాను.

ఆవిడకి అనుమతి ఇచ్చినవాళ్ళంతా శనివారం పొద్దున్న లైబ్రరీకి రండి. ఫోను ఛార్జి చేసుకుని, ఇకమీద మీరు నమ్మేవాళ్ళని ఒకరిని వెంటబెట్టుకుని రండి. కొత్త పేరు ఎలా చేర్చాలో, పాతది ఎలా తీయాలో మా అమ్మాయి చూపిస్తుంది. ఆవిడ పేరు మాత్రం మీ వేలితోనే తీయాలి. వరుసలో నన్ను చివర నిలబెట్టండి.