ఫైలు పైన రాయని వాక్యం

ఇరవై ఏళ్లకు పైగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలను.

ముందే ఒక మాట. నేను మంచి ప్రోగ్రామర్ని. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో ఇంకా బండరాళ్లు పగలగొడుతున్న రోజుల్లో, ఒక చిన్న కంపెనీలో చేరాను. తూకం యంత్రాన్ని కంప్యూటర్‌కు కలిపే కార్డులు తయారుచేసేవాళ్లం. వాటికి టంకం పెట్టేది యాదగిరి గారు. కార్డుతో కంప్యూటర్ మాట్లాడటానికి కావలసిన డ్రైవర్ ప్రోగ్రామ్ రాసింది నేను. సిద్ధమేనా అని కార్డును లక్షసార్లు అడుగు, అప్పటికీ పలక్కపోతే పాడైందని చెప్పు, అని రాశాను. మా ఆఫీసు కంప్యూటర్‌కు లక్షసార్లు అడగడానికి రెండు సెకన్లు పట్టేది. కార్డు పలకడానికి ఆ వ్యవధి చాలు.

తర్వాత వేగమైన కంప్యూటర్లు వచ్చాయి. అవి లక్షసార్లూ గబగబా అడిగేసి, కార్డు నోరు తెరిచేలోపే పాడైందని తేల్చేసేవి. జీడిమెట్ల ఫ్యాక్టరీల నుంచి కార్డులు తిరిగొచ్చాయి. మా పాత కంప్యూటర్‌లో పెడితే మాత్రం భేషుగ్గా పనిచేసేవి. ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోతే అది టంకం లోపమేనన్నాడు మేనేజరు.

యాదగిరి గారు నెలరోజులు ప్రతి టంకాన్నీ కరిగించి మళ్లీ పెట్టారు. చూపు తగ్గిందేమోనని కళ్లద్దాలు కూడా చేయించుకున్నారు. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయకుండానే నా దగ్గరకొచ్చారు.

"సార్, నా టాంక ఒక్కటి గూడ కచ్చగ లేదు. మీరన్న జర పెద్దసారుకు చెప్పుండ్రి."

"చూద్దామండీ," అన్నాను.

అప్పటికి నాకు తెలుసా? తెలుసు. తప్పు నా ప్రోగ్రామ్‌లోనే ఉందని ఆ ఉదయమే దొరికింది.

సాయంత్రానికల్లా సరిచేశాను. లెక్కపెట్టడం మాని గడియారం చూడు, నిజంగా రెండు సెకన్లు గడిచాక కూడా ఆఖరుగా ఒక్కమాటు అడిగి, అప్పుడే పాడైందని చెప్పు. ఆ రెండు సెకన్లలో కంప్యూటర్ వేరే పనిలో పడితే కార్డు పలికినా వినపడదు కదా, ఆ ఆఖరు ప్రశ్న ఎంతమందికి తోస్తుంది? ఆ పదకొండు వరుసల కోడ్ తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

మా ఆఫీసులో ఎవరు ప్రోగ్రామ్ ఫైలు ముట్టుకున్నా దాని పైన పేరు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది రాయాలి. నేను పేరు రాసి, 'కొత్త కంప్యూటర్లకు అనువుగా మార్చాను' అని ఊరుకున్నాను. అదే వారం యాదగిరి గారిని ప్యాకింగ్‌లో వేశారు. కొత్త మనిషి టంకం పెట్టిన కార్డులు నేను సరిచేసిన ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీతో వెళ్లాయి, ఒక్కటీ తిరిగిరాలేదు. చూశారా, చేయి మారేసరికి, అన్నాడు మేనేజరు. యాదగిరి గారు అక్కడే ఉన్నారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. నెల తిరక్కుండా మానేశారు.

ఎందుకు నోరు విప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. నా కోడ్‌లో తప్పుందని నలుగురూ అనుకోవడం నాకు పడలేదు, అంతే. ఆ గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గిందని అబద్ధమాడను.

ఆ ఫైలు పైన ఉండాల్సిన వాక్యం ఇది. తప్పు రాసిందీ నేనే, దిద్దిందీ నేనే, యాదగిరి టంకాలు మొదటినుంచీ గట్టివే.