నాచారంలో సీసా పెట్రోలు

మా ఆయనకు ఒకే కంపెనీ పెట్రోలు మీద గురి. నాచారం ఆసుపత్రిలో చెల్లెలికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్లకముందే దాన్ని చూడాలని కాకినాడ నుంచి కారులో బయలుదేరాం. పెట్రోలు ముల్లు అడుగుకు దిగినా ఉప్పల్లో ఆయన రెండు బంకులు వదిలేశారు. నాచారం చేరగానే కారు ఆగిపోయింది.

రోడ్డు పక్కన పెట్రోలు ట్యాంకరు కడుగుతున్న డ్రైవరు మా సంగతి విని, స్కూటరు మీద వెళ్లి సీసాలో పెట్రోలు తెచ్చాడు.

"ఏ కంపెనీది?" అన్నారు మా ఆయన. నాకు సిగ్గేసింది.

అతను నవ్వాడు. "చర్లపల్లి డిపోల ఒక కంపెనీకాడ సరుకు లేకుంటే ఇంకొకరికాడ నింపుకుంటం సార్. బోర్డు మీరు సదువుతరు, కారు సదవదు. జల్ది పోన్రి, అమ్మ ఫికర్ జేస్తున్నది."

మేం వెళ్లేసరికి చెల్లెల్ని స్ట్రెచర్ ఎక్కిస్తున్నారు. "వచ్చావా అక్కా" అని నా చేయి పట్టుకుంది.

అతని పేరు అడగలేదు. దండం పెట్టుకునేటప్పుడు ట్యాంకరు తమ్ముడనే తలచుకుంటాను.